రెండో క్యాచర్ గురించి మనకున్న అపోహలు, అసలు వాస్తవాలు

న్యూజెర్సీలో స్కూలు పిల్లలకు బేస్‌బాల్ క్యాచింగ్ (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టడం) నేర్పిస్తుంటాను. మన తెలుగు పిల్లలూ వస్తుంటారు. "మావాణ్ని రెండో క్యాచర్‌గా పెట్టారండీ, ఆట మాన్పించేద్దామా?" అని తల్లిదండ్రులు దిగులుగా అడుగుతుంటారు. రెండో క్యాచర్ అంటే మొదటి క్యాచర్ ఆడని రోజున ఆడేవాడు. అమెరికాలో అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్‌లో ఆ స్థానంలోనే పదిహేనేళ్లు నిలబడ్డవాళ్లున్నారు. వాళ్ల పని గురించి నేను తరచూ వినే అపోహలివి.

అపోహ: క్యాచర్ అంటే మన వికెట్ కీపరే. మొదటివాడికి దెబ్బ తగిలితేనే రెండోవాడికి పని.

సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఉంటాయి. ఆరు నెలల్లో అన్నీ అయిపోవాలి. మ్యాచ్‌కు దాదాపు 150 బంతులు, ప్రతి బంతికీ గొంతుక్కూర్చోవాలి. మోకాళ్లు ఎవరివైనా అంత తట్టుకోలేవు. అందుకే రాత్రి మ్యాచ్ ఆడిన మర్నాడు పగలే ఇంకోటి ఉంటే, చాలాసార్లు రెండో క్యాచర్నే దింపుతారు. కీపర్ బౌలర్‌కు అప్పుడప్పుడు సలహా ఇస్తాడు. క్యాచర్ మాత్రం ప్రతి బంతికీ ముందు ఏది వెయ్యాలో సూచిస్తాడు. 2022 నుంచి పిచ్‌కామ్ అనే ఎలక్ట్రానిక్ పరికరం వచ్చాక వేళ్ల సైగల బదులు బటన్ నొక్కుతున్నారు, అంతే తేడా. కాబట్టి ఆడని రోజుల్లోనూ ఎదుటి బ్యాటర్ల బలహీనతలు చదువుకోవాలి, తమ పిచర్లను (బంతి వేసేవాళ్లను) గమనించాలి. టెన్షన్ పడితే ఏ పిచర్‌కు ఏ బంతి అదుపు తప్పుతుందో రాసి పెట్టుకోమని మా పిల్లలకు చెబుతాను.

అపోహ: పెద్ద మ్యాచ్‌లో రెండో క్యాచర్‌ను నమ్మరు.

రెండో క్యాచర్ డేవిడ్ రాస్ సంగతి చూడండి. జాన్ లెస్టర్ గొప్ప పిచర్, కానీ రన్నర్‌ను కట్టడి చేయడానికి మొదటి బేస్ (పరుగు దారిలో ఆగే చోటు) వైపు బంతి విసరడం అతనికి పెద్ద ఇబ్బంది. ఆ లోటు ఎలా కప్పాలో రాస్‌కు తెలుసు. బేస్ వదిలి ముందుకు జరిగే రన్నర్ల మీద ఎప్పుడూ ఓ కన్నేసి ఉంచేవాడు. అందుకే లెస్టర్ వేసే రోజు కబ్స్ జట్టు రాస్‌నే దింపేది. 2016 వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) ఏడో మ్యాచ్‌లో, ఐదో ఇన్నింగ్స్‌లో ఇద్దరూ కలిసే మైదానంలోకి వచ్చారు. రాగానే రాస్ ఒక త్రో తప్పు విసిరాడు. తర్వాత ఒక బంతి అతని మాస్క్‌కు తగిలి పక్కకు పోయి రెండు రన్స్ వచ్చేశాయి. అయినా అతణ్ని బయటికి పిలవలేదు. మరుసటి ఇన్నింగ్స్‌లోనే ఎదుటి పిచర్ ఆండ్రూ మిల్లర్ బంతికి రాస్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు. అప్పటికి వయసు 39. అదే అతని చివరి మ్యాచ్. కబ్స్ 8-7తో గెలిచారు. నాకు ఆ హోమ్ రన్ కంటే, ఆ పొరపాట్ల తర్వాత కూడా అతణ్ని అక్కడే ఉంచిన నమ్మకం పెద్దది.

అపోహ: బ్యాటింగ్ రాకపోతే జట్టులో ఉండలేడు.

రెండో క్యాచర్ జెఫ్ మాథిస్ బ్యాటింగ్ సగటు .194. అంటే పది ప్రయత్నాల్లో రెండు హిట్లు కూడా లేవు. ఇంకెవరికైనా ఆ అంకెతో రెండేళ్లు గడవడం కష్టం. అతను 17 సీజన్లు ఆడాడు. కారణం బంతి పట్టే నేర్పు. స్ట్రైక్ జోన్ (బంతి వెళ్లాల్సిన హద్దు) అంచు మీద పడ్డ బంతిని చెయ్యి కదలకుండా పట్టుకుంటే అంపైర్ దాన్ని స్ట్రైక్‌గా, అంటే బ్యాటర్‌కు వ్యతిరేకంగా, ఇచ్చే అవకాశం పెరుగుతుంది. స్టేడియాల్లో బంతి దారిని కొలిచే కెమెరాలు వచ్చాక ఈ నేర్పుకు లెక్క దొరికింది. 2026 నుంచి అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసే పద్ధతి పెట్టారు కదా, ఇక ఈ విద్య అక్కర్లేదంటున్నారు. నేను ఒప్పుకోను. జట్టుకు ఉండేవి రెండే సవాళ్లు, నెగ్గితేనే మిగులుతాయి. వాటిని ఎప్పుడు వాడాలో అందరికంటే బాగా తెలిసేది క్యాచర్‌కే.

అపోహ: కూర్చోబెట్టి జీతం ఇస్తారు.

జీతం మంచిదే. 2025లో కనీసం 7,60,000 డాలర్లు. కానీ అది మేజర్ లీగ్ జట్టులో ఉన్న రోజులకే. ఎరిక్ క్రాట్జ్‌ను 2002 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) 29వ రౌండ్‌లో తీసుకున్నారు, మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడింది 2010లో, 30 ఏళ్ల వయసులో. అంతవరకూ మైనర్ లీగ్ (కింది స్థాయి) బస్సులూ, చాలీచాలని డబ్బులే. ఆ తర్వాత కూడా జట్టు నుంచి జట్టుకు మారుతూనే 2020 దాకా ఆడాడు.

అపోహ: రిటైరయ్యాక ఎవరూ పట్టించుకోరు.

బ్రూస్ బోచీ ఆడినన్నాళ్లూ ఎక్కువగా రెండో క్యాచరే. మేనేజర్‌గా (ప్రధాన కోచ్ లాంటి పదవి) నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచాడు, చివరిది 2023లో రేంజర్స్ జట్టును నడిపిస్తూ. కెవిన్ క్యాష్ బ్యాటింగ్ సగటు .183. రేస్ జట్టు మేనేజర్‌గా 2020లో, 2021లో వరుసగా అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఉత్తమ మేనేజర్ అవార్డు అందుకున్నాడు. రాస్ కూడా నాలుగు సీజన్లు కబ్స్‌ను నడిపించాడు.