వంశంలో ఉంటే చూపు పోవాల్సిందేనా? ఏఎండీ మీద అపోహలు - వాస్తవాలు

రెటీనా, అంటే కంటి వెనక తెర, దాని ఓపీలో మళ్ళీ మళ్ళీ వినే మాట ఇది, "మా వంశంలోనే ఉందండి, మా అమ్మకీ ఇలాగే పోయింది, ఇంక చేసేదేముంది". రెటీనా నడిమి భాగమైన మాక్యులాకి వయసుతో వచ్చే జబ్బు, ఏఎండీ గురించి. ఈ ఒక్క నమ్మకం వల్ల పోయినన్ని చూపులు ఇంక దేనివల్లా పోవట్లేదేమో అనిపిస్తుంది నాకు.

అపోహ: జీన్‌లో ఉంటే రాసిపెట్టినట్టే.

అస్సలు కాదు. దీనికి ఒక్క జీన్ అంటూ లేదు. 2005లో సీఎఫ్‌హెచ్ అనే జీన్ బయటపడింది, అదే ఏడాది పదో క్రోమోజోమ్ మీద ఏఆర్‌ఎంఎస్2 అనే జీన్ ఉన్న చోటు, తర్వాత సీ3, సీఎఫ్‌బీ, అలా 2016లో వచ్చిన పెద్ద అంతర్జాతీయ స్టడీకల్లా జీన్లలో 34 చోట్ల ముప్పుతో ముడిపడ్డ 52 తేడాలు తేలాయి. సీఎఫ్‌హెచ్ మన ఇమ్యూనిటీలో కాంప్లిమెంట్ అనే భాగానికి బ్రేక్ లాంటిది, అది వదులైతే రెటీనా అడుగున వాపు ఆగదు. సీఎఫ్‌హెచ్‌లో రిస్క్ రకం ఒక్క కాపీ ఉంటే ముప్పు సుమారు రెండున్నర రెట్లు, అమ్మ నుంచీ నాన్న నుంచీ రెండూ వస్తే ఐదారు రెట్లు, దానికి ఏఆర్‌ఎంఎస్2 కూడా తోడైతే కూడినట్టు కాదు, దాదాపు గుణించినట్టు పెరుగుతుంది. ఈ లెక్కలు ఎక్కువగా యూరప్ మూలాలున్నవాళ్ళవి, కానీ సీఎఫ్‌హెచ్ సంబంధం మనవాళ్ళలోనూ ఉందని హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 2006లోనే చూపించారు. ఇన్ని ఉన్నా జబ్బే రానివాళ్ళు బోలెడుమంది. ఒక తల్లి పిల్లలకే ఈ కలయిక ఒకేలా రాదు. పైగా వీటి మీద సిగరెట్టో చుట్టో పడితే ముప్పు ఇంకా పెరుగుతుంది, మన చేతిలో ఉన్నది అదే.

ఒకావిడ వచ్చారు, వంటింటి టైల్స్ గీతలు నెలల తరబడి వంకరగా కనపడుతున్నాయట, మా అమ్మకీ ఇంతే కదా అని ఊరుకున్నారు. ఓసీటీ అనే రెటీనా స్కాన్ తీస్తే అప్పటికే మచ్చ కట్టేసింది, కంట్లో ఇంజెక్షన్ వేసినా పోయిన చూపు తిరిగి రాలేదు. తోడొచ్చిన తమ్ముడి కళ్ళు కూడా చూశాం, డ్రూసెన్ ఉన్నాయి, అంటే రెటీనా అడుగున పేరుకునే పసుపు చుక్కలు, ఈ జబ్బు తొలి గుర్తు. ఆయన చుట్ట మానేశారు, గళ్ళ కాగితం ఇంట్లో అతికించుకుని ఒక్కో కన్ను మూసి చూసుకునేవారు, గీత వంగిన వారంలోనే వచ్చారు. ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, పేపర్ చదువుతున్నారు.

మిగతావి గబగబా. ఇంట్లో ఎవరికీ లేకపోతే రాదనుకోకండి, వయసే పెద్ద కారణం. జీన్ టెస్ట్‌కి వేలు పోయక్కర్లేదు, రిపోర్ట్ ఏమొచ్చినా వైద్యం మారదు, ఆ డబ్బుతో రెటీనా చూపించుకోండి. శుక్లం ఆపరేషన్ చేస్తే మాక్యులా బాగుపడదు. ఏరెడ్స్2 అనే విటమిన్ బిళ్ళలు జబ్బు మధ్య దశకి చేరినవాళ్ళకే, జబ్బు లేనివాళ్ళు ముందుజాగ్రత్తగా మింగి లాభం లేదు, పొగ తాగేవాళ్ళు బీటా కెరోటిన్ ఉన్న పాత రకం అసలు ముట్టొద్దు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు.

అమ్మకి ఉందని ముప్ఫై ఏళ్ళకే నిద్ర మానేసి వచ్చే పిల్లలూ ఉంటారు, వాళ్ళని చూస్తే జాలేస్తుంది. మీకు ఇప్పుడేం కాదమ్మా, యాభై దాటాక ఏడాదికోసారి చుక్కలేయించుకుని రెటీనా చూపించుకోండి, ఈలోపు అమ్మ ఇంజెక్షన్ డేట్ తప్పకుండా చూసుకోండి.