జాతి కుక్కల పరీక్షా ఫలితాలు ఎవరి సొత్తు?

జాతి కుక్కకు వంశపారంపర్య వ్యాధి ఉందో లేదో తేల్చే పరీక్ష ఫలితం యజమాని సొంత విషయమా, లేక ఆ జాతిని పెంచేవారూ పిల్లలను కొనేవారూ చూడదగిన సమాచారమా అన్న తగవు డీఎన్ఏ పరీక్షలకంటే పాతది. అమెరికాలో అది ఎక్స్‌రేల నుంచే మొదలైంది. లాబ్రడార్లను ఇష్టంగా పెంచిన పారిశ్రామికవేత్త జాన్ ఎం. ఓలిన్, తుంటి కీలు సరిగా అమరని హిప్ డిస్‌ప్లేసియా అనే లోపం తన కుక్కలను పీడించడం చూసి చొరవ తీసుకోగా, 1966లో ఆర్థోపెడిక్ ఫౌండేషన్ ఫర్ యానిమల్స్ ఏర్పడింది. రెండేళ్లు నిండిన కుక్క ఎక్స్‌రేను ముగ్గురు రేడియాలజిస్టులు విడివిడిగా చూసి గ్రేడు ఇవ్వడం అక్కడి పద్ధతి.

ఆ గ్రేడును బయటపెట్టే నియమం దగ్గరే చిక్కు వచ్చింది. ఫలితం బాగుంటే అందరికీ కనబడుతుంది. బాగాలేకపోతే యజమాని ప్రత్యేకంగా అనుమతించినప్పుడే కనబడుతుంది. పైగా లోపం కంటికే తెలిసిపోయే ఎక్స్‌రేలను చాలామంది అసలు పంపరు కనుక, తమ గణాంకాలలో జబ్బు వాటా అసలుకంటే తక్కువగా ఉండవచ్చని ఆ సంస్థే ఒప్పుకుంటుంది. హిప్ డిస్‌ప్లేసియా ఒక్క జన్యువుతో వచ్చేది కాదు. తన తుంటి బాగున్న కుక్క కూడా, తోబుట్టువులలో లోపం ఎక్కువగా ఉంటే, ఆ ముప్పును పిల్లలకు అందించగలదు. అందుచేత దాచిన ఫలితం ఒక్క కుక్కను కాదు, దాని బంధువులందరి అంచనానూ తప్పుదారి పట్టిస్తుంది.

స్వీడన్ ఈ తగవును మరో దారిలో తీర్చుకుంది. జాతి కుక్కల వంశవివరాలు నమోదు చేసే అక్కడి సంఘం, కెన్నెల్ క్లబ్, మంచి, చెడు ఫలితాలను ఒకే పట్టికలో నమోదు చేసి ఎవరైనా చూసేలా ఉంచుతుంది. ఫిన్లాండ్ కెన్నెల్ క్లబ్ నడిపే ఆన్‌లైన్ పట్టిక కోయిరానెట్ కూడా అంతే. ఆ బహిరంగ పట్టిక ఆదర్శంగా 1990లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో ఒక సంస్థ మొదలైంది గానీ, 2002లో అది ఓలిన్ చొరవతో పుట్టిన సంస్థలోనే కలిసిపోయింది. స్వచ్ఛందంగా పంపే అలవాటున్న చోట, అన్నీ బయటపెట్టాలనే పట్టికకు పంపేవారు ఎంతమంది ఉంటారు?

1993లో ఐరిష్ సెట్టర్లలో చూపును క్రమంగా పోగొట్టే ప్రోగ్రెసివ్ రెటినల్ అట్రోఫీకి కారణమైన జన్యులోపం బయటపడడంతో మాట మారింది. ఎక్స్‌రే గ్రేడులో అభిప్రాయానికి చోటుంది. డీఎన్ఏ ఫలితంలో దాదాపు లేదు. కానీ క్యారియర్ అన్న కొత్త ముద్ర పుట్టింది. జన్యువు రెండు ప్రతులలో ఒక్కదానిలోనే లోపం ఉన్న కుక్కకు ఈ జబ్బు రాదు, లోపం లేని కుక్కతో జతకట్టిస్తే దాని పిల్లలకూ రాదు. అయినా ఆ ముద్ర పడితే కుక్కకు గిరాకీ పోతుందని బ్రీడర్లు జంకారు. ఆ భయాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం: క్యారియర్లన్నిటినీ పక్కనపెడితే అసలే ఇరుకైన జాతి మరింత ఇరుకవుతుంది.

2000 దశకం మొదట్లో అమెరికాలో వచ్చిన కెనైన్ హెల్త్ ఇన్ఫర్మేషన్ సెంటర్ మధ్యేమార్గం తీసుకుంది. జాతికి నిర్దేశించిన పరీక్షలన్నీ చేయించి, ఫలితాలు ఎలా ఉన్నా బహిరంగపరచడానికి ఒప్పుకుంటేనే అది కుక్కకు నంబరు ఇస్తుంది. మైక్రోచిప్ వంటి శాశ్వత గుర్తింపూ ఉండాలి. ఆ నంబరు ఆరోగ్యానికి హామీ అని ప్రకటనలలో మెరిపించేవారు ఉన్నారు గానీ, అది చెప్పేది పరీక్ష జరిగిందనీ ఫలితం దాచలేదనీ మాత్రమే. నా దృష్టిలో దాని విలువ కూడా అక్కడే ఉంది.

బ్రిటన్‌లో 2008 నాటి బీబీసీ డాక్యుమెంటరీ జాతి కుక్కల ఆరోగ్యాన్ని ఇంటింటి చర్చగా చేసింది. ఇప్పుడు అక్కడి కెన్నెల్ క్లబ్ తన డీఎన్ఏ పథకాల ఫలితాలను ఆన్‌లైన్‌లో చూడనిస్తోంది. అమెరికాలో మాత్రం, ఇంట్లోనే నమూనా తీసి ప్రైవేటు ల్యాబులకు పంపే కిట్లు వచ్చాక, ఫలితం ముందుగా చేరేది యజమాని ఖాతాకే. దానిని బహిరంగ పట్టికకు చేర్చాలా వద్దా అన్న నిర్ణయం మళ్లీ ఆయనదే.