ఫైనల్ విజిల్ పడ్డాక కూడా రెడ్ కార్డ్ పడుతుంది: అపోహలు - వాస్తవాలు

మొన్న మళ్ళీ వచ్చింది ఆ వీడియో. కోచ్‌ల గ్రూపులో ఒకరు పెట్టారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఇంకొకరు పెట్టారు, మా బావమరిది విడిగా పంపాడు. "చైనా కప్ ఫైనల్లో కుంగ్‌ఫూ, రెఫరీ పరార్" అని పైన రాసి ఉంది. కింద నవ్వే బొమ్మలు అరడజను.

ముందు ఆ రాత సంగతి తేల్చేద్దాం. అది ఫైనల్ కాదు. చైనా దేశవాళీ కప్పు అంతకన్నా కాదు. 2023 నవంబర్ 29న జరిగిన ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ మ్యాచ్ అది. చైనాలోని హుజౌలో జెజియాంగ్ క్లబ్‌కీ, థాయ్‌లాండ్ నుంచి వచ్చిన బురిరామ్ యునైటెడ్‌కీ జరిగింది. జెజియాంగ్ 3-2తో గెలిచింది. ఆట ముగిసింది, ఫైనల్ విజిల్ పడింది, ఆ తర్వాత మొదలైంది రభస. ఒకళ్ళనొకళ్ళు తరుముకోవడం, పిడిగుద్దులు, వెనక నుంచి తన్నులు. రెండు జట్ల వాళ్ళూ ఉన్నారు. కాబట్టి "చైనావాళ్ళంతే" అని రాసేవాళ్ళు వీడియో పూర్తిగా చూసి రాస్తే బాగుంటుంది.

నేను పదహారేళ్ళుగా ఫుట్‌బాల్ రెఫరీగా చేస్తున్నాను. స్కూలు, కాలేజీ, జిల్లా లీగ్ మ్యాచ్‌లే ఎక్కువ. ఆ వీడియోలో ఎవరు ఎవర్ని ఎలా కొట్టారన్నది నాకు పెద్ద విషయం కాదు. ఎప్పుడు కొట్టారన్నదే విషయం. ఎందుకంటే కుర్రాళ్ళని నిండా ముంచే అపోహ అక్కడే ఉంది.

అపోహ: ఫైనల్ విజిల్ పడితే రెఫరీ పవర్ అయిపోయినట్టే.

కాదు. ఆట నియమాల్లో ఐదోది ఒక్కసారి చదివితే చాలు. మ్యాచ్‌కి ముందు గ్రౌండ్ చూసుకోవడానికి రెఫరీ లోపలికి అడుగుపెట్టిన క్షణం నుంచి, మ్యాచ్ అయ్యాక గ్రౌండ్ వదిలి వెళ్ళేదాకా చర్య తీసుకునే అధికారం అతనిదే. హాఫ్‌టైమ్ అందులోదే, పెనాల్టీ షూటౌటూ అందులోదే. విజిల్‌తో ఆగేది ఆట, గడియారం. జేబులో కార్డులు, హెచ్చరించే యెల్లో, బయటికి పంపే రెడ్, అలాగే ఉంటాయి. సరే, రెఫరీ గ్రౌండ్ దాటి వెళ్ళాక డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్ళే టన్నెల్లోనో, బస్సు దగ్గరో కొట్టుకున్నారనుకోండి. అప్పుడు కార్డు చూపించడు, రిపోర్ట్ రాస్తాడు. ఆటగాడికి మాత్రం అది రెడ్ కన్నా తేలికేమీ కాదు. హుజౌ గొడవ తర్వాత ఏఎఫ్‌సీ రెండు జట్ల ఆటగాళ్ళ మీదా నిషేధాలు వేసింది. అవి ఒక మ్యాచ్‌తో పోయే రకం కాదు.

ఇది నేను ఎన్ని శిక్షణ క్లినిక్‌లలో చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ వెనక వరసలో ఎవరో ఒకరు "అదేంటి సార్, మ్యాచ్ అయిపోయింది కదా" అంటారు.

ఆ మాట మొదటిసారి గట్టిగా తగిలింది ఒక ఇంటర్ కాలేజీ ఫైనల్లో. ఏప్రిల్ ఎండ, 1-0 స్కోరు. ఓడిన జట్టు లెఫ్ట్ బ్యాక్‌కి పంతొమ్మిదేళ్ళుంటాయి. తొంభై నిమిషాల్లో ఒక్క మాట ఎదురు చెప్పని పిల్లాడు. నేను విజిల్ వేసి, బాల్ తీసుకుని, లైన్స్‌మన్‌ల వైపు నడుస్తున్నాను. జట్లు చేతులు కలుపుకుంటున్నాయి. ఎదుటి జట్టు ఫార్వర్డ్ ఏదో అన్నాడు. ఏమన్నాడో నాకు వినపడలేదు. ఈ పిల్లాడు చెయ్యి విడిపించుకుని, అదే చేత్తో అతని చెంప మీద ఒక్కటిచ్చాడు. పదిహేను అడుగుల దూరం, మధ్యలో ఎవరూ అడ్డు లేరు. నేను వెళ్ళి రెడ్ చూపించాను.

పిల్లాడు నవ్వాడు. పొగరుతో కాదు, నేను జోక్ చేస్తున్నానని అనుకున్నాడు. "సార్, మ్యాచ్ అయిపోయింది సార్" అన్నాడు. ఈలోగా వాళ్ళ కోచ్ పరిగెత్తుకొచ్చాడు. "విజిల్ వేశాక కార్డేంటండీ, ఎక్కడైనా ఉందా?" అని నా మీదే గొంతు లేపాడు. నాకు ఆ పిల్లాడి మీద కోపం రాలేదు, కోచ్ మీద వచ్చింది. నేర్పాల్సినవాడికే తెలియకపోతే పంతొమ్మిదేళ్ళ వాడికి ఎక్కడి నుంచి తెలుస్తుంది? గ్రౌండ్ పక్క వేపచెట్టు కింద కూర్చుని రిపోర్ట్ రాశాను. చెమట పడి అతని జెర్సీ నంబర్ దగ్గర ఇంకు అలుక్కుపోతే, పక్కన మళ్ళీ రాసి సంతకం పెట్టాను. పది రోజుల్లో స్టేట్ క్యాంప్ ఉందని, అందులో ఆ పిల్లాడి పేరుందని నాకు ఆ రాత్రి దాకా తెలియదు.

ఆ సంగతికి మళ్ళీ వస్తాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

అపోహ: గొడవలో రెఫరీ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఇది వింటే ఒళ్ళు మండుతుంది. ఇరవై మంది కలబడినప్పుడు మధ్యలోకి దూకి విడదీయడం రెఫరీ పని కాదు. దూకితే వీపు వెనక ఏం జరిగిందో కనపడదు. మాకు నేర్పేది కాస్త ఎడంగా నిలబడి, అందరూ కంటికి ఆనేలా చూడమని. లైన్స్‌మన్‌లు వేరే కోణాల నుంచి చూస్తారు, గ్రౌండ్ బయట ఉండే నాలుగో అధికారి, అంటే ఫోర్త్ అఫీషియల్ ఉంటే బెంచీల మీద కన్నేస్తాడు. నంబర్లు గుర్తుపెట్టుకోవాలి. మొదట చెయ్యెత్తింది ఎవరు, ఇద్దరి గొడవలోకి మూడోవాడిగా దూరింది ఎవరు, బెంచ్ మీద నుంచి లేచొచ్చింది ఎవరు? నేనైతే నంబర్లు పైకే వల్లిస్తూ ఉంటాను, "ఏడు, పద్నాలుగు, నీలం నాలుగు" అని. దూరం నుంచి చూసేవాళ్ళకి మంత్రాలు చదువుతున్నట్టు ఉంటుందేమో.

అపోహ: ఒంటి మీద చెయ్యి పడలేదు కాబట్టి అది హింస కాదు.

దెబ్బ తగలాలనేం లేదు, కొట్టబోయినా చాలు. పన్నెండో నియమంలో ఆ సంగతి స్పష్టంగా ఉంది. దీనికి మంచి ఉదాహరణ చైనా లీగ్‌లోనే ఉంది. 2017 జూన్‌లో షాంఘై ఎస్ఐపీజీ తరఫున ఆడుతున్న బ్రెజిల్ ఆటగాడు ఆస్కార్, గ్వాంగ్‌జౌ ఆర్ అండ్ ఎఫ్ ఆటగాళ్ళిద్దరి మీదికి బాల్‌ని బలంగా తన్నాడు. ఎవరినీ గుద్దలేదు, చెయ్యెత్తలేదు. కానీ దానితోనే రెండు జట్లూ కలబడ్డాయి. చైనా ఫుట్‌బాల్ సంఘం అతనికి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం వేసింది. అదే ఏడాది మార్చిలో షాంఘై షెన్‌హువా ఆటగాడు చిన్ షెంగ్, బెల్జియం ఆటగాడు విట్సెల్ పాదాన్ని కావాలని తొక్కాడు. అతనికి ఆరు నెలలు. పాదం తొక్కడమంటే మన గ్రౌండ్లలో లెక్కలోకే రాదు, పాపం.

అపోహ: మొదలుపెట్టింది వాడు కాబట్టి శిక్ష వాడికే.

ఇద్దరికీ. రెచ్చగొట్టాడన్నది శిక్ష తేల్చే డిసిప్లినరీ కమిటీ ముందు చెప్పుకోవడానికి పనికొస్తుంది. కార్డు ఆపడానికి పనికిరాదు.

అపోహ: అన్యాయం జరిగితే వాకౌట్ చేస్తే రీమ్యాచ్ పెడతారు.

ఎవరూ పెట్టరు. 2004 అక్టోబర్‌లో షెన్యాంగ్‌లో ఒక పెనాల్టీ నిర్ణయం నచ్చక బీజింగ్ జట్టు గ్రౌండ్ వదిలి వెళ్ళిపోయింది. మ్యాచ్‌ని 3-0తో ఎదుటి జట్టుకి రాసేశారు, పైగా బీజింగ్‌కి మూడు పాయింట్లు కోసేశారు. ఇక్కడ కథ ఒక మలుపు తిరిగింది. ఆ మ్యాచ్ రెఫరీ జౌ వీషిన్‌కి 2012లో లంచాల కేసులో మూడున్నరేళ్ళ జైలు పడింది. అదే విడతలో 2002 వరల్డ్ కప్‌లో విజిల్ వేసిన లూ జున్‌కి కూడా అయిదున్నరేళ్ళు పడింది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది తలెత్తుకోలేని సంగతి, దాచి లాభం లేదు. అయినా ఆ రోజు గ్రౌండ్ వదిలిన జట్టు నష్టపోయిందే తప్ప బాగుపడలేదు. అనుమానం ఉంటే ఆట పూర్తిచేసి, ప్రొటెస్ట్ రాసివ్వాలి. 2023లో ఇండియన్ సూపర్ లీగ్‌లో బెంగళూరు మీద ప్లేఆఫ్ మ్యాచ్ మధ్యలో వెళ్ళిపోయిన కేరళ బ్లాస్టర్స్‌కి 4 కోట్ల జరిమానా పడిన సంగతి మనవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

అపోహ: ఎన్ని మ్యాచ్‌ల నిషేధమో రెఫరీయే రాస్తాడు.

దీని వల్ల నాకు వచ్చే ఫోన్లు ఇన్నీ అన్నీ కావు. ఆ ఫైనల్ రోజు రాత్రి తొమ్మిదిన్నరకి ఆ పిల్లాడి నాన్న చేశారు. ఎక్కడో బస్టాండ్‌లో ఉన్నట్టున్నారు, వెనక అనౌన్స్‌మెంట్లు వినపడుతున్నాయి. "సార్, మావాడి లైఫ్ పోయినట్టేనా? ఏడాది బ్యాన్ అంటున్నారు. మీరు కొంచెం తగ్గించి రాయండి సార్" అన్నారు. ఆ గొంతులో టెన్షన్ వింటే ఎవరికైనా మనసు కరుగుతుంది.

ఆయనకి చెప్పిందే అందరికీ చెబుతున్నాను. రెఫరీ రాసేది చూసింది మాత్రమే. ఏ నిమిషం, ఏ నంబర్, ఏం చేశాడు, ఎవరిని. ఎన్ని మ్యాచ్‌లన్నది డిసిప్లినరీ కమిటీ పని. ఏడాది, జీవితకాలం అని వాట్సాప్‌లో ఎవరో అన్నది పట్టుకుని నిద్ర చెడగొట్టుకోవద్దు. నోటీసు వస్తే గడువులోపల జవాబు రాయండి. జరిగింది జరిగినట్టు రాయాలి, కొట్టలేదని అబద్ధం రాస్తే ఉన్న కాస్త సానుభూతీ పోతుంది. అవతలివాడు ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయాలి. క్షమాపణ చెప్పి ఉంటే అదీ రాయాలి. రెఫరీకి మాత్రం ఫోన్ చేయకండి, అది మీ పిల్లాడికే చేటు.

అంతా విని ఆయన చివరికి ఒకటే అడిగారు. "ఆ అబ్బాయి మావాడి అమ్మని తిట్టాడంట సార్. అది మీ రిపోర్ట్‌లో రాశారా?"

నేను వినలేదండీ, విననిది రాయలేను అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. లెటర్‌లో మీవాడినే సొంత చేత్తో రాయమనండి అని చెప్పి పెట్టేశాను.

రాశాడు. నిషేధం నాలుగు మ్యాచ్‌ల నుంచి మూడుకి తగ్గింది. అప్పటికి క్యాంప్ మొదలై రెండు రోజులైంది.