పాత రికార్డును ఎండ వెలుగులో పట్టి చూడండి

హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లోనో ముంబయి చోర్ బజార్‌లోనో పాత సామాన్ల మధ్య గ్రామఫోన్ రికార్డుల దొంతర కనబడితే చాలామంది ముందు కవరు మీది బొమ్మ చూస్తారు, తర్వాత గాయకుడి పేరు చదువుతారు. అమ్మేవాళ్ళు ధర చెప్పేదీ వాటిని బట్టే. ఇంటికి తెచ్చాక అది పాడుతుందో గరగరలాడుతుందో తేల్చేది మాత్రం అది ఏ పదార్థంతో తయారైంది, ఇన్నేళ్ళూ ఆ పదార్థం ఏమేం భరించింది అన్నదే. సంతలో వాయించి చూసే వీలు సాధారణంగా ఉండదు కాబట్టి ఆ సంగతి కంటితో, వేళ్ళతో కనిపెట్టాలి.

ముందు అది లక్కదో, వినైల్ అనే ప్లాస్టిక్‌దో తేల్చుకోండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు ఎక్కువగా 25 సెంటీమీటర్ల వెడల్పున, మందంగా, బరువుగా ఉంటాయి. ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు పాట పడుతుంది. వీటిలో షెల్లాక్, అంటే శుద్ధి చేసిన లక్క, సుమారు మూడో వంతే. మిగతాది పలకరాయి, సున్నపురాయి లాంటి రాతిపొడి, నలుపు కోసం మసి, కాస్త నూలు పీచు. మోదుగ, రేగు కొమ్మల మీద బతికే లక్క పురుగు స్రవించే జిగురే దీనికి మూలం. లాడ్ బజార్ గాజుల్లో ఉండే లక్క కూడా అదే. కలకత్తా శివార్లలోని డమ్‌డమ్ ఫ్యాక్టరీలో దశాబ్దాలపాటు ఈ రికార్డులు అచ్చయ్యాయి. 1960ల మధ్యలో బీటిల్స్ పాటలు సైతం ఇక్కడ 78లుగా వచ్చాయంటే, 78 కనబడగానే అది స్వాతంత్ర్యానికి ముందుదని అనుకోనక్కర్లేదని అర్థం.

రాతిపొడి కలపడానికి గట్టి కారణమే ఉంది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోన్‌లో ముల్లును పట్టి ఉంచే సౌండ్‌బాక్సు వంద గ్రాములకు మించిన బరువుతో ఉక్కు ముల్లును గాడిలోకి నొక్కుతుంది. మొదటి కొన్ని చుట్లలోనే రాతిపొడి ఆ ముల్లును గాడి ఆకారానికి అరగదీస్తుంది. అందుకే ప్రతి వైపుకూ కొత్త ముల్లు వేసేవారు. ముల్లు మార్చకుండా వాడిన ఇంటి రికార్డుల్లో గాడి గోడలు తెగిపోయి, నల్లని మెరుపు పోయి, బూడిదరంగు చారలు తేలతాయి. ఎంత కడిగినా ఆ బూడిదరంగు పోదు. అలాంటిది కనబడితే పక్కన పెట్టేయండి.

లక్క రికార్డు గాజులాగే పెళుసు. మధ్య రంధ్రంలో వేలు పెట్టి వేలాడదీసి, అంచు మీద గోటితో మెల్లగా తట్టండి. బాగుంటే గలగలమంటుంది, వెంట్రుకవాసి పగులున్నా శబ్దం చచ్చుగా వస్తుంది. అంచు చిన్నగా ఊడి, ఆ దెబ్బ గాళ్ళ దాకా రాకపోతే ఫర్వాలేదు.

ఎల్పీలు, అంటే ఎక్కువసేపు పాడే పెద్ద రికార్డులు, వినైల్‌వి. 1948లో అమెరికాలో కొలంబియా సంస్థ వీటిని తెచ్చింది. 30 సెంటీమీటర్ల వెడల్పు, నిమిషానికి 33⅓ చుట్లు. 78 గాడి సుమారు 0.15 మిల్లీమీటర్ల వెడల్పుంటే ఎల్పీ గాడి అందులో మూడో వంతే. అందుకే ఒక వైపున ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది, చిన్న గీతా పెద్ద నష్టం చేస్తుంది. రికార్డును వాలుగా పట్టి, ఎండ దాని మీద జారేలా తిప్పండి. షాపులోని ట్యూబ్‌లైటు కింద కనబడని గీతలు బయటపడతాయి. గీత మీద గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి. తగలకపోతే చిన్న టిక్కుతో సరిపోవచ్చు. తగిలితే ప్రతి చుట్టుకూ, అంటే 1.8 సెకన్లకోసారి, టక్కుమంటుంది. గాడి వెంబడే సాగిన గీత ఇంకా చెడ్డది. ముల్లు పక్క గాడిలోకి దూకుతుంది, లేదా అక్కడక్కడే తిరుగుతుంది.

లేబుల్‌కు దగ్గరగా ఉన్న చివరి పాటను ప్రత్యేకంగా చూడాలి. రికార్డు ఒకే వేగంతో తిరిగినా అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు సాగితే, చివరికొచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అదే స్వరం తాలూకు అలలు సగం కన్నా తక్కువ చోటులో ఇరుక్కుంటాయి. అరిగిన నీలమణి ముల్లు, దాన్ని మోసే బరువైన చేయి ఉన్న పాత పోర్టబుల్ ప్లేయర్లు ముందు చెడగొట్టేది ఈ భాగాన్నే. ‘స’, ‘ష’ అక్షరాలు ఉమ్మినట్టు వినబడేదీ ఇక్కడే. లేబుల్ మీద రంధ్రం చుట్టూ సన్నని గీతలు ఎన్నో ఉంటే దాన్ని బాగా వాయించారన్నమాట. నా లెక్కలో ఇది కవరు మెరుపు కన్నా నమ్మదగిన సాక్ష్యం. కవరులో ఉన్నది ఆ రికార్డేనా అన్నదీ అప్పుడే సరిచూసుకోండి.

చివరగా రికార్డును కంటి ఎత్తులో అడ్డంగా పట్టి వంపు చూడండి. వినైల్ 60 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడడం మొదలవుతుంది. మే నెలలో మూసిన కారు లోపల అంత వేడి వస్తుంది కనుక, కొన్నది కూడా కారులో వదిలేయకూడదు. గాజు పలకల మధ్య పెట్టి ఎండలో సాపు చేయాలని చూస్తే గాళ్ళే చెడవచ్చు.

కడగడంలో పదార్థ భేదం మరీ ముఖ్యం. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు పాలిష్ చేసుకునేది ఆ గుణంతోనే. కాబట్టి 78ల మీద స్పిరిట్ గానీ శానిటైజర్ గానీ పడనివ్వొద్దు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు మూడు చుక్కల గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తటి గుడ్డతో గాడి వెంట తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. నానబెడితే లోపలి పీచు నీరు పీల్చుతుంది. వినైల్‌కు, ముఖ్యంగా వానాకాలపు బూజు పట్టినదానికి, 800 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 200 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కల లిక్విడ్ సరిపోతాయి. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ తుడవాలి. బోరు నీళ్ళు వద్దు, ఆరాక గాళ్ళలో మిగిలే ఉప్పు చిటపటలాడుతుంది. పొడిగుడ్డతో రుద్దినా మేలు జరగదు. వినైల్ స్థిర విద్యుత్తును పట్టుకుని మరింత దుమ్మును లాగుతుంది.

కడిగినదాన్ని బూజు కవరులోకి మళ్ళీ తోయకండి. కొత్త కాగితం లేదా పాలిథీన్ లోకవరు వేసి నిలువుగా నిలబెట్టండి. మెత్తటి పీవీసీ కవర్లు కొన్నేళ్ళకు రికార్డు మీద పాలపొర లాంటి మచ్చ వదులుతాయి.

వాయించేటప్పుడు 78కి సుమారు 75 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మొన, ఎల్పీకి 18 మైక్రాన్ల మొన కావాలి. ఎల్పీ ముల్లు 78 గాడి అడుగున చెత్తలో దొర్లుతుంది. గ్రామఫోన్ ఉక్కు ముల్లు ఎల్పీని ఒక్కసారికే చీరేస్తుంది. రికార్డు శబ్దాన్ని పెంచే నేటి ఫోనో ఆంప్లిఫయర్లు 1950ల నాటి ఎల్పీ ప్రమాణానికి సర్దినవి కాబట్టి వాటిలో పాత 78లు మూసుకుపోయినట్టు వినిపిస్తాయి. ట్రెబుల్, అంటే హెచ్చు స్థాయి స్వరాలు, కాస్త పెంచితే గొంతు విచ్చుకుంటుంది, దాంతోపాటు రాతిపొడి సుయ్యిమనడమూ పెరుగుతుంది.