లివర్ జబ్బుకి తలకు వైర్లెందుకు?

ధర్మవరం నుంచి ఒక అబ్బాయి అడిగినాడు: "అన్నా, మా నాయనకు లివర్ జబ్బు, వారం నుంచి పగలంతా నిద్ర, రాత్రంతా మేలుకునే ఉంటాడు, మాటకు మాటకు పొంతన లేదు. డాక్టరేమో ఈఈజీ (మెదడులోని కరెంటుని గీతలుగా తీసే పరీక్ష) తీపిచ్చినాడు. కడుపులో జబ్బుకి తలకు వైర్లెందుకు? గీతలు చూస్తే ఇంతింత పెద్దగా ఉండాయి, తలలో కరెంటు ఎక్కువైందా?"

ఆ చివరి ప్రశ్న భలే నచ్చింది నాకు, ఎందుకంటే జరిగేది దానికి సరిగ్గా ఉల్టా.

లివర్ చేసే పనులన్నీ చెప్పను, ఇక్కడ కావాల్సింది అమ్మోనియా ఒక్కటే. పేగుల్లో తయారయ్యే అమ్మోనియాని లివర్ యూరియాగా మార్చేస్తే అది మూత్రంలో పోతుంది. సిర్రోసిస్‌లో లివర్ గట్టిపడి, పేగుల రక్తం కొంత దాన్ని తప్పించుకుని పక్కదారిన పోతుంది, అమ్మోనియా తలకెక్కుతుంది. 1893లోనే రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ వాళ్ళు కుక్కలకి ఇట్లాంటి పక్కదారి ఆపరేషన్ చేసి చూస్తే, మాంసం తిన్న కుక్కలు తూలి, మత్తులోకి పోయినాయి. మన స్కూళ్ళల్లో పావ్లోవ్ అంటే గంట, చొంగ, అంతే, ఇది చెప్పరు.

ఇప్పుడు గీతలు. పీర్ల పండగప్పుడు గుండం చుట్టూ తప్పెట్లు కొడుతుంటే ఊరి బయట నిలబడి విన్నారా? ఎవరి తప్పెట ఏదో తెలీదు, అందరూ ఒకే దెబ్బ వేస్తేనే ధం అని వినపడుతుంది, ఎవరికి వాళ్ళు వాయిస్తే సన్నటి గోల. తల మీద పెట్టే ఎలక్ట్రోడ్ కూడా ఊరి బయట మనిషే, పుర్రె అవతల లక్షల నాడీకణాలు కలిపి కొట్టిన దెబ్బే దానికి అందుతుంది, అదీ మైక్రోవోల్టుల్లో, అంటే వోల్టులో పది లక్షల వంతుల్లో. మెలకువగా ఉండి కళ్ళు మూసుకుంటే సెకనుకు 8 నుంచి 13 దెబ్బలు, ఇదే ఆల్ఫా, 1929లో జర్మనీ డాక్టరు హాన్స్ బెర్గర్ లోకానికి చెప్పింది. కళ్ళు తెరిస్తే కణాలన్నీ ఎవరి పని వాళ్ళు చూసుకుంటాయి, గీత చిన్నదైపోతుంది. చిన్న గీతంటే లోపల పని జోరుగా ఉందని!

అమ్మోనియా ఎక్కేకొద్దీ తాళం సాగుతుంది, సెకనుకు పది కాస్తా ఏడు, ఐదు, తర్వాత నాలుగు కంటే తక్కువ, కానీ అందరూ కలిసే కొడతారు కాబట్టి దెబ్బ పెద్దది. మీ నాయన పేపర్లో పెద్ద గీతలు ఆ సాగిన తాళమే. ఇంకా ముదిరితే సెకనుకు రెండు చొప్పున మూడు మలుపుల అలలొస్తాయి, ట్రైఫేజిక్ అంటారు, 1955లో బిక్‌ఫర్డ్, బట్ అనే డాక్టర్లు పెట్టిన పేరు. పూర్తి కోమాలో తప్పెట్లే ఆగిపోయినట్టు గీత చదునైపోతుంది. కిడ్నీలు చెడినా, కొన్ని మందులకి కూడా ఇవే అలలు కనపడతాయి, అందుకే డాక్టరు పేపర్ ఒక్కటే చూడడు, చేతులు చాపమని అరచేతులు రెక్కల్లా కొట్టుకుంటున్నాయా అని కూడా చూస్తాడు.

తాళం ఎందుకు సాగుతుంది? నాడీకణాల పక్కనే ఆస్ట్రోసైట్లు అనే కణాలుంటాయి, అమ్మోనియాని గ్లుటమేట్‌తో (నాడీకణాలు సంకేతాలకి వాడే రసాయనం) కలిపి గ్లుటమిన్ చేసేది ఇవే, ఆ గ్లుటమిన్ లోపల పేరుకుని నీళ్ళు లాక్కుని కణం ఉబ్బుతుంది. గ్లుటమేట్‌నీ పొటాషియంనీ ఊడ్చి సర్దే పని కూడా వీటిదే, అది కుంటుపడితే నాడీకణాల మధ్య సంకేతాలు గాడి తప్పుతాయి.

ఈ దశలో మనోళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు, లేదంటే రాత్రి నిద్ర పట్టలేదని నిద్రమాత్ర వేస్తారు, రెండోది ఇంకా ప్రమాదం, మత్తు మీద మత్తు. అసలు చూడాల్సింది మలబద్ధకం ఉందా, మలం నల్లగా పోతోందా (అంటే లోపల రక్తం కారుతోందా), జ్వరముందా అని. లాక్టులోజ్ సిరప్ ఇచ్చేదీ ఇందుకే: పేగుల్లో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆమ్లం చేస్తుంది, ఆమ్లంలో అమ్మోనియా అమ్మోనియంగా మారి పేగు గోడ దాటలేక మలంతో పోతుంది. దినానికి రెండు మూడు సార్లు విరేచనం కావాలని డాక్టర్లు కావాలనే చూస్తారు, భయపడి సిరప్ ఆపొద్దు.

పప్పు మాన్పించాలా అని కూడా అడిగినాడు. వద్దు. కండరాలు కూడా అమ్మోనియాని పట్టుకుంటాయి, తిండి తగ్గించి కండ కరిగిస్తే ఆ దారీ మూసుకుంటుంది. పప్పు, పెరుగు పెట్టండి, రాత్రి పడుకునే ముందు కూడా కొంచెం ఏదైనా తినిపించండి.