పరికరం పేరులో ఖాళీ ఉంటే

చిరంజీవులకు ఆశీస్సులు.

పెన్ డ్రైవ్ గుచ్చిన ప్రతిసారీ లినక్స్ దానికి ఒకసారి ఎస్‌డీబీ, ఇంకోసారి ఎస్‌డీసీ అని పేరు పెడుతోందని, మీ బ్యాకప్ స్క్రిప్ట్ తికమక పడుతోందని మీ నాన్న చెప్పాడు. యూడెవ్‌కు (గుచ్చిన పరికరాలను చూసుకునే లినక్స్ భాగం) రూల్ రాసి, మారని పేరుతో సిమ్‌లింక్ (అసలు పేరు దగ్గరికి తీసుకెళ్లే మారుపేరు) పెట్టుకోవాలన్న మీ ఆలోచన సరైనదే. చిక్కల్లా పేరులోని ఖాళీలతోనే.

పరికరం తన పేరు తానే చెప్పుకుంటుంది. డిస్కులు కంప్యూటర్‌తో మాట్లాడుకునే ఎస్‌సీఎస్‌ఐ పద్ధతిలో కంపెనీ పేరుకు 8 అక్షరాలు, మోడల్ పేరుకు 16 అక్షరాల చోటు ఉంటుంది. మిగిలిన చోటంతా ఖాళీలతో నింపుతారు. మీ దగ్గరున్న ‘క్రూజర్ బ్లేడ్’నే చూడండి. ఇంగ్లీషులో ఆ పేరు మధ్య ఖాళీతో కలిపి 12 అక్షరాలు, వెనకాల మరో 4 ఖాళీలు. రూల్‌లో మోడల్ పేరును పోల్చేటప్పుడు చివరి ఖాళీలను యూడెవ్ పట్టించుకోదు, మీరు రాసిన పేరు చివర కూడా ఖాళీ ఉంటే తప్ప. కాబట్టి వాటి గురించి టెన్షన్ వద్దు.

మధ్యలో ఉన్న ఖాళీ అలా కాదు. సిమ్‌లింక్ అని రాసే చోట ఒకే పరికరానికి ఎన్ని లింకులైనా ఇవ్వొచ్చు, వాటిని విడదీసేది ఖాళీయే. హాజరు పట్టీలో ‘సాయి కుమార్’ అని పిలిస్తే సాయి ఒకడు, కుమార్ ఒకడు లేచి నిలబడ్డట్టు, ‘క్రూజర్’ ఒక లింకు, ‘బ్లేడ్’ ఇంకో లింకు పుడతాయి. పరికరం నుంచి తెచ్చిన విలువలో ఖాళీ ఉంటే ఇప్పటి యూడెవ్ తనే అండర్‌స్కోర్‌గా (_) మారుస్తుంది. మీరు చేత్తో టైపు చేసిన ఖాళీని మాత్రం విడదీసే గుర్తుగానే చూస్తుంది.

అండర్‌స్కోర్ చూడ్డానికి బాగుంటుంది, కమాండ్‌లో కొట్టడమూ తేలికే. కానీ వరసగా ఉన్న రెండు మూడు ఖాళీలు ఒక్క గీతగా కుదించుకుపోతాయి, అసలు పేరు మళ్లీ రాబట్టలేం. అందుకే డిస్కు లేబుల్‌తో (దానికి మనం పెట్టుకునే పేరు) లింకు చేసేటప్పుడు యూడెవ్ ఇంకో దారి పట్టింది: ఖాళీ స్థానంలో బ్యాక్‌స్లాష్, ఎక్స్, 20 అని రాస్తుంది. ఖాళీకి ఉన్న కోడ్ 32, దాన్నే పదహారు అంకెల లెక్కలో (హెక్సాడెసిమల్) 20 అంటారు. ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో రాసుకునే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులోనైతే ఎనిమిది అంకెల లెక్క (ఆక్టల్), అక్కడ \040 అని రాయాలి. ఇద్దరూ ఒకే మాట మీద ఉంటే ఎంత బాగుండేదో!

తెలుగు లేబుల్ పెట్టినా పేచీ లేదు, ఆ అక్షరాలు లింకులో అలాగే ఉంటాయి. కాకపోతే ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్ సిస్టమ్) లేబుల్‌కు 16 బైట్లే చోటు. యూటీఎఫ్-8 అనే అక్షరాల కోడ్‌లో మన అక్షరం 3 బైట్లు, గుణింతం గుర్తూ పొల్లూ విడివిడిగా మరో మూడేసి. ‘అమ్మ’కే 12 అయిపోతాయి.

నా మాట వింటే, మోడల్ పేరు జోలికే పోకండి. అదే మోడల్‌వి రెండు గుచ్చితే రెండూ ఒకే లింకు కోసం పోటీ పడతాయి. సీరియల్ నంబరుతో గుర్తుపట్టి, ఖాళీ లేని పొట్టి పేరు మీరే పెట్టండి. రూల్ రాశాక యూడెవ్‌ఏడీఎం టెస్ట్ అనే కమాండ్ నడిపితే ఏ లింకులు పుడతాయో ముందే కనిపిస్తుంది.

మీ
పెదనాన్న