రోటరీ ఇంజన్ వేడెక్కితే తప్పెవరిది? గాలి దారి మరిచిపోయిన కథ

సీసం కలిపిన విమాన పెట్రోల్‌కి రోజులు దగ్గరపడ్డాయి. 2030 ఆఖరుకల్లా దాన్ని వదిలించుకోవాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ, పరిశ్రమ కలిసి గడువు పెట్టుకున్నాయి. ఆ సీసం ప్రజల ఆరోగ్యానికి ముప్పేనని 2023 అక్టోబరులో పర్యావరణ సంస్థ ఈపీఏ తేల్చిచెప్పింది. 2031 జనవరి 1 నుంచి దాన్ని అమ్మకూడదని కాలిఫోర్నియా 2024లో ఏకంగా చట్టమే చేసింది. మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉండే శాంటా క్లారా కౌంటీ ఇంకా ముందే, 2022 జనవరి నుంచే, తన విమానాశ్రయాల్లో అమ్మకం ఆపేసింది.

ఈ గడువు మాట వచ్చిన ప్రతిసారీ సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల మధ్య పాత తగువు ఒకటి మళ్లీ లేస్తుంది. మాజ్డా కార్లలో వచ్చిన 13బీ రోటరీ ఇంజన్‌కి (పిస్టన్లకి బదులు లోపల మూడు మూలల రోటర్ తిరిగే ఇంజన్ ఇది) సీసం అక్కర్లేదు, ఎక్కువ ఆక్టేన్ అక్కర్లేదు, బంకులో దొరికే మామూలు పెట్రోల్ చాలు. మరి దాన్నే విమానంలో పెట్టుకుంటే పోలేదా అని ఒకరు అడుగుతారు. అది వేడెక్కిపోతుంది, విమానానికి పనికిరాదు అని వెంటనే జవాబు వస్తుంది. ఈసారీ అదే ప్రశ్న, అదే జవాబు.

ఈ ఇంజన్‌ని కనిపెట్టిన వాంకెల్ కథ, దాన్ని మొదట కార్లలో పెట్టిన జర్మన్ కంపెనీ ఎన్‌ఎస్‌యూ కథ, చేతులు కాలినా మాజ్డా ఆ ఇంజన్‌ని వదలకుండా నిలబెట్టిన కథ అందరికీ తెలిసినవే. వాటి జోలికి పోను. ఈ 'వేడెక్కిపోతుంది' అనే మాట ఎక్కడ పుట్టిందన్నదే నాకు ముఖ్యం. అది ఇంజన్‌లో పుట్టలేదు, ఇంజన్‌కీ రేడియేటర్‌కీ మధ్య పుట్టిందని నేను నమ్ముతున్నాను.

ముందు వేడి లెక్క చూద్దాం. 160 హార్స్‌పవర్ ఇస్తున్న 13బీ నుంచి నీళ్లు, ఆయిల్ కలిసి బయటికి మోయాల్సిన వేడి సుమారు వంద కిలోవాట్లు. ఇంట్లో స్నానానికి వాడే రెండు కిలోవాట్ల గీజర్లు యాభై ఒకేసారి వేసినంత వేడి అది. గాలి ఈ వేడిని తీసుకుని 50 డిగ్రీలు పెరుగుతుందనుకుంటే, సెకనుకి రెండు కిలోల గాలి రేడియేటర్లోంచి పోవాలి. అంటే ఒకటిన్నర ఘనపు మీటర్ల పైమాటే. మామూలు విమాన ఇంజన్ సిలిండర్ తల 200 డిగ్రీల దాకా కాగుతుంది కాబట్టి చుట్టూ ఉన్న గాలికీ దానికీ తేడా ఎక్కువ, వేడి సులువుగా వదులుతుంది. రేడియేటర్లో నీళ్లు 90 డిగ్రీలు దాటితేనే మనకి టెన్షన్. ఆ తక్కువ తేడాతోనే పని నడవాలి.

పైగా ఈ వేడిలో దాదాపు మూడో వంతు ఆయిల్ మోస్తుంది. రోటర్ లోపలి భాగాన్ని చల్లబరిచేది ఆయిలే. ఆయిల్ కూలర్ అంటే ఏదో చిన్న అదనపు సామాను అనుకున్నవాళ్లు విమానం పైకి లేచే మొదటి ఎక్కుడులోనే దెబ్బతిన్నారు.

ఇంకో సంగతి. పిస్టన్ ఇంజన్లో ఒకే సిలిండర్‌లో చల్లటి గాలీ వస్తుంది, మంటా పుడుతుంది. రోటరీలో ఒక వైపు ఎప్పుడూ చల్లటి గాలే, స్పార్క్ ప్లగ్గులున్న రెండో వైపు ఎప్పుడూ మంటే. రోటర్ చుట్టూ ఉండే హౌసింగ్ అల్యూమినియం, పక్క పలకలు పోత ఇనుము. వేడి హద్దు మీరితే అల్యూమినియం ఎక్కువ సాగుతుంది, ఇనుము తక్కువ సాగుతుంది, వాటి మధ్య నీళ్లు కారకుండా కూర్చోబెట్టిన సీల్ రింగులు నలిగిపోతాయి. ఒక్కసారి హద్దు దాటించినా ఆ ఇంజన్ విప్పాల్సిందే. వేడి విషయంలో ఇది క్షమించే ఇంజన్ కాదని రోటరీ వాడేవాళ్లే ముందు ఒప్పుకుంటారు.

ఇక నా దృష్టిలో అసలు మలుపు. అది చల్లబరిచే దగ్గర రాలేదు, గాలి లోపలికి పీల్చే ఇన్‌టేక్ దగ్గర వచ్చింది.

రోటరీకి వాల్వులు లేవు. రోటర్ తిరుగుతూ, గాలి లోపలికొచ్చే రంధ్రాన్ని, అంటే పోర్ట్‌ని, తెరుస్తుంది, మూస్తుంది. మూసినప్పుడల్లా పైపులో గాలి టక్కున ఆగి, ఒత్తిడి అల ఒకటి వెనక్కి పరిగెడుతుంది. షాఫ్ట్ నిమిషానికి 6000 సార్లు తిరుగుతుంటే ఒక్కో చుట్టుకి పది మిల్లీసెకన్లు. 13బీలోని రెండు రోటర్లు ఎదురెదురు దశల్లో ఉంటాయి కాబట్టి ఒకదాని తర్వాత ఇంకోటి అయిదు మిల్లీసెకన్లకి పీలుస్తుంది. అంతసేపట్లో ధ్వని సుమారు 1.7 మీటర్లు పోతుంది. మొదటి రోటర్ నుంచి వెనక్కి పోయిన అల, రెండో రోటర్ పోర్ట్ సరిగ్గా మూసుకోబోయే ముందు అక్కడికి చేరేలా పైపుల పొడవు కుదిర్చితే, టర్బో లేకుండానే ఇంకాస్త గాలి లోపల పడుతుంది. మాజ్డా 1986 మోడల్ ఆర్‌ఎక్స్-7 కారులో చేసింది ఇదే.

కారుకి ఇందులో ఒక చిక్కుంది. దాని ఇంజన్ వేగం క్షణక్షణం మారుతుంది. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బీలో అందుకే ఇన్‌టేక్ గొట్టాలు నడుస్తుండగానే సాగేలా, ముడుచుకునేలా చేశారు. విమానానికి అంత హంగామా అక్కర్లేదు. అది ఎక్కేటప్పుడు ఇంచుమించు ఒకే వేగం, సాగేటప్పుడు ఇంకో వేగం. ఒక్క పొడవు సరిగ్గా కుదిరితే చాలు. ప్రొపెల్లర్‌కి మధ్యలో గేర్‌బాక్స్ ఉంటుంది కాబట్టి ఆ వేగం ఎంతుండాలో కట్టేవాళ్ల చేతిలోనే ఉంటుంది. 2.17కి 1 నిష్పత్తి గేర్‌తో 6000 దగ్గర నడిపినవాళ్లు, 2.85కి 1 గేర్ వచ్చాక ఇంజన్‌ని 7500 దాకా తీసుకెళ్లగలిగారు. ప్రొపెల్లర్ మాత్రం 2700 లోపే తిరుగుతుంది. వేగం పెరిగితే అలకి దొరికే సమయం తగ్గుతుంది, పైపులూ పొట్టివి కావాలి. అలా కారుతో వచ్చిన ఇన్‌టేక్ గొట్టాల సెట్టుని (మానిఫోల్డ్) పక్కన పడేసి, అల్యూమినియం గొట్టాలు కోసి, వంచి, వెల్డింగ్ చేసుకుని, ఇంజన్ మీద కప్పే మూత, అంటే కౌలింగ్, కింద పట్టేలా మడిచిపెట్టుకున్నారు.

హార్స్‌పవర్ పెరిగింది. పెరిగిన ప్రతి హార్స్‌పవర్‌తో పాటు దాదాపు అంతే వేడి నీళ్లలోకి, ఆయిల్లోకి దిగింది. రేడియేటర్ మాత్రం పాతదే, దానికి గాలి తెచ్చే డబ్బా కూడా పాతదే. నిన్నటిదాకా ఎర్ర గీత దగ్గర నిలబడ్డ ఉష్ణోగ్రత ముల్లు ఇవాళ ఎక్కుడులో గీత దాటింది. ఇన్‌టేక్‌లో సాధించిన విజయం కూలింగ్‌లో వైఫల్యంగా కనపడింది. చూసినవాళ్లు 'రోటరీ వేడెక్కుతుంది' అని రాసిపెట్టుకున్నారు. ఆ వాక్యం మిగిలింది, దాని వెనక జరిగింది మాత్రం ఎవరికీ గుర్తులేదు.

నిజానికి దీనికి మందు అప్పటికి అరవై ఏళ్ల కిందే తయారై ఉంది. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో పరిశోధనా కేంద్రంలో ఎఫ్. డబ్ల్యూ. మెరెడిత్ 1935లో చెప్పిన సంగతి ఇది. రేడియేటర్‌ని గాలికి ఎదురుగా ఊరికే నిలబెట్టకండి. చిన్న నోటితో గాలిని తీసుకుని, లోపల దారి వెడల్పు చేసి నెమ్మదింపజేసి, అప్పుడు రేడియేటర్లోంచి పోనిచ్చి, చివర మళ్లీ ఇరుకు దారిలోంచి వేగంగా వెనక్కి వదలండి. నెమ్మదిగా పోతే రాపిడి తక్కువ. వేడెక్కిన గాలి వ్యాకోచించి వెనక్కి పోతూ కాస్త తోపు కూడా ఇస్తుంది. రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్ విమానాలైన స్పిట్‌ఫైర్ రెక్కల కింద రేడియేటర్లలో, 1940లో ఎగిరిన మస్టాంగ్ పొట్ట కింద ఆ సూత్రమే ఉంది. తర్వాత డీట్రిష్ క్యూషెమాన్, యోహన్నా వెబర్ 1953లో ఆ దారి ఏ ఆకారంలో ఉండాలో గణితంతో సహా రాశారు. జర్మనీలోని గోటింగెన్‌లో మొదలుపెట్టి యుద్ధం తర్వాత ఫార్న్‌బరోకి వచ్చిన ఈ ఇద్దరి పనే తర్వాత కాంకార్డ్ రెక్కకీ పునాది అయింది.

మరి ఇంత విద్య ఎటు పోయింది? పెద్ద విమానాలు జెట్లయ్యాయి. చిన్న విమానాలు గాలితోనే చల్లబడే లైకమింగ్, కాంటినెంటల్ ఇంజన్లకి వెళ్లిపోయాయి. రేడియేటర్ అనే వస్తువే ఆకాశంలోంచి దిగిపోయి కార్లకి పరిమితమైంది. రోటరీ పెట్టుకున్నవాళ్లు అందుకే కార్ల నుంచి నేర్చుకున్నారు. వెడల్పాటి పల్చటి రేడియేటర్ తెచ్చి, గాలి తగిలేచోట బిగించారు.

గంటకి వంద కిలోమీటర్ల వేగంతో పోయే కారు ముందు గాలి ఒత్తిడి ఎంతో తెలుసా? గొట్టంలో నీళ్లని అయిదు సెంటీమీటర్ల ఎత్తుకి లేపేంత కూడా ఉండదు. ఆ కాస్త ఒత్తిడితో గాలి దూరాలి కాబట్టే కార్ రేడియేటర్ పల్చగా, వెడల్పుగా ఉంటుంది. 80 నాట్ల (గంటకి దాదాపు 150 కిలోమీటర్ల) వేగంతో ఎక్కే విమానానికి పది సెంటీమీటర్లు. 160 నాట్ల దగ్గర వేగం రెండింతలు, ఒత్తిడి నాలుగింతలు, అంటే నలభై. విమానం మందపాటి రేడియేటర్ని భరించగలదు, ముందు వైశాల్యం తగ్గించుకోగలదు. కార్ ఏసీలో గాలిని చల్లబరిచే ఎవాపరేటర్లకి రోటరీ వాళ్లలో గిరాకీ వచ్చింది అందుకే. పాత జనరల్ మోటార్స్ కార్ల నుంచి తీసిన, మూడు అంగుళాల మందం ఉండే అల్యూమినియం ఎవాపరేటర్లు రెండు తెచ్చి, సన్నటి గొట్టాలు కోసేసి, పెద్ద నీటి గొట్టాలు అతికించి రేడియేటర్లుగా వాడారు. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరికే వస్తువది.

దాని ముందున్న డబ్బా దగ్గరే అసలు గుట్టు బయటపడింది. ఒక పని ఊహించుకోండి. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని 'యు' ఆకారంలో వంచి, రంగు నీళ్లు పోసి, కాక్‌పిట్‌లో ఒక చెక్కకి టేపుతో అంటించారు. ఒక కొస రేడియేటర్ ముందు, ఇంకో కొస వెనక. పూర్తి పవర్‌తో ఎక్కుతున్నారు. రెండు వైపుల నీళ్లకీ మధ్య తేడా ఎనిమిది సెంటీమీటర్లు రావాల్సింది మూడే వచ్చింది. అంటే చేతికందిన ఒత్తిడిలో సగం పైగా డబ్బాలోనే ఆవిరైపోతోంది. ఎలాగంటే, నోటి దగ్గర్నుంచే దారి గబుక్కున వెడల్పయితే గాలి గోడని వదిలేసి సుడులు తిరుగుతుంది. రేడియేటర్లో ఒక మూలకే గాలి అందుతుంది, మిగతా మూడు మూలలు ఉత్త బరువు. ముందున్న గొట్టం కొసని ఒక్కో మూలకి జరిపి చూస్తే ఇది కళ్లకి కట్టినట్టు కనపడుతుంది.

క్యూషెమాన్, వెబర్ చూపిన ఆకారం సన్నాయి లాంటిది. చాలా దూరం సన్నగానే పోయి, రేడియేటర్ ముఖం దగ్గర మాత్రమే విచ్చుకుంటుంది. రేడియేటర్ అడ్డుపడటం వల్లే గాలి అక్కడ పక్కలకి సర్దుకుంటుంది, గోడని వదలదు. థర్మోకోల్ దిమ్మని ఆ ఆకారంలో చెక్కి, మీద ఫైబర్‌గ్లాస్ పొరలు వేసి, ఆరాక లోపలి దిమ్మని తీసేస్తే కొత్త గాలి డబ్బా రెడీ. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ. వేడెక్కుతోందని ముందు నోరు పెద్దది చేసుకున్నవాళ్లకి గాలి నిరోధం పెరిగి వేగం తగ్గింది. వెనక దారిని సరిచేసి, ఎక్కేటప్పుడు తెరుచుకునే తలుపు పెట్టుకున్నవాళ్లకి ముల్లు కిందికి దిగింది.

వెనక్కి వచ్చే ఆ వేడి గాలి కౌలింగ్‌లో తిరుగుతుంటే ఇంకో దొంగతనం జరుగుతుంది. ఇన్‌టేక్ దాన్నే పీల్చుకుంటే ప్రతి మూడు డిగ్రీలకి సుమారు ఒక శాతం గాలి సాంద్రత పోతుంది. ముప్ఫై డిగ్రీలు ఎక్కువైతే పదో వంతు పవర్ గల్లంతు. నార్టన్ రోటరీ మోటార్‌సైకిళ్లలో ఇది డిజైన్లోనే ఉండేది. ఇంజన్‌లోకి వెళ్లే గాలి ముందు రోటర్ లోపల్నుంచి పోయి దాన్ని చల్లబరిచేది, అలా తాను వేడెక్కేది. పందెం బైక్‌లకి వచ్చేసరికి ఆ రెండు దారుల్నీ విడదీశారు. 1992లో మ్యాన్ దీవిలో సీనియర్ టీటీ పందెం నార్టన్ రోటరీ మీదే స్టీవ్ హిస్లాప్ గెలిచాడు. ఇన్‌టేక్, కూలింగ్ వేర్వేరు పనులు కావని ఆ బైక్ చరిత్రే చెబుతుంది. రోటర్‌ని గాలితోనే చల్లబరిచే చిన్న ఇంజన్ని జర్మనీకి చెందిన ఏఎస్‌హెచ్ 26ఈ అనే గ్లైడర్‌లో పెట్టారు. మన దేశంలో నిశాంత్ మానవరహిత విమానం కూడా 2009లో కోలార్ దగ్గర స్వదేశీ వాంకెల్ ఇంజన్‌తో ఎగిరింది. పనికిరాని ఇంజన్ అయితే ఇవేవీ జరిగేవి కావు.

అవతలి వాళ్ల వాదన కూడా చెప్పాలి. గాలితో చల్లబడే ఇంజన్లో కారడానికి నీళ్లు లేవు, చిరగడానికి గొట్టాల్లేవు. సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాల్లో ఇంజన్ ఆగిపోవడం, అదుపు తప్పడం ముఖ్యమైన కారణాలని 2012లో ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ అధ్యయనం చెప్పింది. ధ్రువీకరించిన ఇంజన్, ప్రొపెల్లర్ జత పెట్టుకుంటే పరీక్షా ప్రయాణాలు 25 గంటలు, లేకపోతే 40 గంటలు అని ఎఫ్‌ఏఏ పెట్టిన తేడా వెనక కూడా ఆ భయమే ఉంది. అది సమంజసమే. కానీ ఆ 40 గంటల్లో పరీక్షించేది రోటర్నా, దాని చుట్టూ కట్టిన డబ్బానా అని వాళ్లు విడదీసి చూడరు.

మాజ్డా తర్వాతి రోటరీ కారు ఆర్‌ఎక్స్-8 ఉత్పత్తి 2012లో ఆగింది. దాని రెనెసిస్ ఇంజన్లో ఎగ్జాస్ట్ పోర్టులు పక్క పలకల్లోకి మారాయి, ఇన్‌టేక్‌, ఎగ్జాస్ట్ ఒకేసారి తెరుచుకునే క్షణమే లేదు, కాబట్టి పాత 13బీకి కుదిరిన పైపుల లెక్క దానికి అలాగే కుదురుతుందనుకోలేం. 2023లో మాజ్డా ఎంఎక్స్-30 కారులో 830 సీసీల ఒంటి రోటర్ ఇంజన్ తెచ్చింది. అందులో పక్క పలకలు కూడా అల్యూమినియమే. ఇనుము ఒకలా, అల్యూమినియం ఒకలా సాగడం వల్ల సీళ్లు పోతాయన్న పాత ఫిర్యాదు దానికి ఎంతవరకు వర్తిస్తుందో మళ్లీ మొదటి నుంచి కొలవాలి, ఎక్కుడులో, పూర్తి పవర్‌తో, రేడియేటర్‌కి ముందొక గొట్టం వెనకొక గొట్టం పెట్టి.